ఆరు సిలిండర్లు, పంతొమ్మిదేళ్ళు

మధ్యాహ్నం షిఫ్టులో ఇరవై మూడో కాల్ అది.
స్వాన్సీ రేవు మీద వాన ఏటవాలుగా పడుతోంది.
నా హెడ్‌సెట్ స్పాంజి చెవి దగ్గర చిరిగిపోయింది.
పేరు ఎలునెడ్. పంతొమ్మిదేళ్ళు.
లైసెన్సు వచ్చి ఏడు నెలలు.
నీత్ లోయలో పైకెళ్తే, రిసాల్వెన్ అనే ఊరు.
ఇంజను సైజు ఎంతమ్మా అన్నాను.
"రెండువేల తొమ్మిదివందల ఇరవై రెండు సీసీ" అంది,
బిడ్డ బరువు చెప్పే బాలింతలా,
గ్రాము కూడా వదలకుండా.

ప్రశ్నలు వాటంతటవే దిగుతాయి తెర మీద.
రాత్రిళ్ళు బండి ఎక్కడుంటుంది? గరాజులో.
ఏం చేస్తావు? టైర్ల షాపులో అప్రెంటిస్‌ని,
మెకానిక్ అని రాసుకోండి, అంది గర్వంగా.
ఆ ఒక్క మాటకి నూట పది పౌండ్లు పెరుగుతుంది.
చెప్పే అధికారం నాకు లేదు.
దగ్గాను.
ఆమెకు అర్థం కాలేదు.

నాలుగువేల మూడువందల పన్నెండు.
తోడుగా ఒక నల్ల పెట్టె,
రాత్రి పదకొండు దాటితే మాకు చాడీలు చెప్పడానికి.

ఏనుగునిచ్చినవాడు అంకుశం ఇవ్వడా అంటారు మా వైపు.
ఈ ఏనుగునిచ్చింది పక్కింటి ఇద్వాల్,
నలభై ఏళ్ళు క్వారీ లారీలు తోలినవాడు.
చూపుకి నట్టనడుమ నల్లమచ్చ పడ్డాక
నిరుడు తాళాలు ఈ పిల్ల చేతిలో పెట్టాడు.
అంకుశం మాత్రం ఇదిగో, నా దగ్గరుంది,
ఏనుగుకి మూడింతల ధర.

"అమ్మ పేరు మీద తీసుకోమంటున్నారు ఫ్రెండ్స్,
నేను ఎప్పుడో ఒకసారి నడుపుతానని రాసి.
అది అబద్ధం కదా?"
అబద్ధమే అన్నాను.
ఈ ఉద్యోగంలో నేను తడుముకోకుండా చెప్పగలిగే
కాసిని మాటల్లో అదొకటి.
"అయితే వద్దులెండి."

చిన్న ఇంజను బండి చూస్తారా అని అడగాలి ఇక్కడ.
స్క్రిప్టులో పసుపు రంగు పూసి ఉంటుంది.
అడిగాను.
"అది వేరే బండి కదండీ" అంది.
కోపం కూడా లేదు.

తర్వాత, నేను అడక్కుండానే, ఆదివారాల సంగతి చెప్పింది.
గరాజు తలుపు బార్లా తీసి ఇంజను స్టార్ట్ చేస్తుందట.
ఎడం సీట్లో ఇద్వాల్, కళ్ళు మూసుకుని.
గ్లిన్‌నీత్ దాటాం, థర్డ్‌లో వెయ్యి, అంటాడట.
పైన గాలెక్కువ, అద్దం ఎత్తు.
క్లచ్ తొక్కే ఉంచి ఈమె గేర్లు మారుస్తుంది.
ఒకసారి బ్రెకన్ దాకా వెళ్ళొచ్చారు,
దారిలో గొర్రెలు అడ్డొస్తే ఆగి,
మీటరు మీద ఒక్క మైలు కదలకుండా.

"వింటారా?"
ఫోను బానెట్ మీద పెట్టింది.

పొయ్యి మీద మూడో గంట ఉలవచారు,
అడుగున బుడబుడ, పైన మూత చప్పుడు.
అంతకంటే బాగా చెప్పడం నాకు రాదు.

నాకు ముప్పై తొమ్మిది. వెయ్యి సీసీ బండి.
లైసెన్సు మూడోసారికి వచ్చింది.
ఒక్క క్లెయిమూ లేదు, తెరకి నేనంటే ప్రాణం.
మోటార్‌వే ఎక్కితే నా మోకాళ్ళు వణుకుతాయని
దానికి ఎవరూ చెప్పలేదు.

శుక్రవారం కెరిస్ నా కాల్స్ వినే రోజు.
"నలభై ఒక్క సెకన్లు మౌనం. నిద్రపోయావా?"
మౌనం కాదన్నాను. సౌండు పెంచాను.
ఆమె పెన్ను మూత పెట్టింది, మళ్ళీ తీసింది.
"సిక్స్ సిలిండర్" అంది, వాళ్ళ నాన్న పేరు పలికినట్టు.
మార్కులైతే తగ్గించింది.

ఆ ధర ముప్పై రోజులు చెల్లుతుంది.
నాలుగు ఆదివారాలు.
రోస్సిలీ సముద్రం దాకా వెళ్ళి రావచ్చు,
ఆ రోజు వాన లేదని
ఇద్వాల్ అంటే.